రంగు వేసిన కుండలు

బడిలో పాఠం చెప్పినవాళ్ళ గురించి రాసేటప్పుడు ‘అన్నారు, వచ్చారు’ అని రాయాలని అమ్మ నాకు నేర్పింది. ఈ కాగితాల్లో మాత్రం ఆయన్ని ‘అన్నాడు, వచ్చాడు’ అనే రాస్తాను. నాన్నని చనువుకొద్దీ అలా అంటాను, ఆయన్ని కక్షకొద్దీ అంటాను. ఎదురుగా నిలబడి ఒక్క మాట అనలేకపోయినదాన్ని. ఈ మాత్రం నాకు చెల్లాలి.

ఆయన మేం చదివిన హైస్కూలుకి హెడ్మాస్టరు. భవానీపురంలో ఆయనకి మంచివాడని పేరు. పెళ్ళిళ్ళకి పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టేవాళ్ళు. బెత్తం పట్టేవాడు కాదు. ఎవరి గ్లాసూ ముట్టుకునేవాడు కాదు, ఎంగిలి పట్టింపు. ఎక్కడికి వెళ్ళినా ఇత్తడి మరచెంబులో తన నీళ్ళు తను తెచ్చుకునేవాడు. మనిషి హాస్యప్రియుడు. ఆయన క్లాసులో పిల్లలందరూ నవ్వుతూ ఉండేవాళ్ళు, ఒక్కళ్ళు తప్ప. ఆ ఒక్కళ్ళు రోజుకొకరు మారేవాళ్ళు. మా చెల్లి ఆరో తరగతిలోకి వచ్చాక ఇక మారలేదు.

చెల్లికి మాట తడబడేది. ఇంట్లో మాతో బాగానే మాట్లాడేది. కొత్తవాళ్ళ ముందు మాత్రం మొదటి అక్షరం గొంతులో అడ్డంపడి, కళ్ళు మూసుకుని, గడ్డం వణుకుతుంటే, ఎంతకీ బయటికి వచ్చేది కాదు. హాజరు పిలిచేటప్పుడు ‘ప్రెజెంట్ సార్’ అనాలి. ‘ప్రె’ దగ్గర ఆగిపోయేది. ఆయన పెన్ను కింద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, “ఒరే, ప్యాసింజరు బండి స్టేషన్లో ఆగిందర్రా. దిగి టీ తాగి రండి, ఇప్పట్లో కదలదు,” అనేవాడు. క్లాసు గొల్లుమనేది. ఇంటర్వెల్లులో పిల్లలు దాని వెనకాల వరసకట్టి, ఒకళ్ళ భుజం ఒకళ్ళు పట్టుకుని, రైలు కూత పెట్టేవాళ్ళు. నేను పదో తరగతి. మా గది కిటికీలోంచి అంతా కనపడేది. నేను లేచి వెళ్ళలేదు. నాకూ నలుగురి ముందు నోరు పెగలదు, దాని కారణం వేరే.

నాన్న చేనేత చీరలు అమ్మేవాడు. పెడన వెళ్ళి, మంగళగిరి వెళ్ళి, మగ్గాల దగ్గర కొని తెచ్చి, మా ఇంటి ముందుగదిలోనే పెట్టి అమ్మేవాడు. ఎనిమిదో తరగతి దాకా చదివాడు, అక్కడితో ఆపెయ్యాల్సి వచ్చింది. ఒకరోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని బడికి వచ్చాడు. హెడ్మాస్టరు గది బయట వరండాలో నన్ను నిలబడమన్నాడు. లోపలి మాటలు వినపడ్డాయి.

“పిల్ల బడికి రానంటోందండీ. మీరు కాస్త...”

“నేనేమన్నానయ్యా? సరదాకి అంటాను. నవ్వితే బెరుకు పోతుంది.”

“దానికి పోవటం లేదండీ, ఇంకా ఎక్కువవుతోంది.”

“చూడు, నీ మంచికోరి చెబుతున్నా. మాట రాని పిల్లకి చదువెందుకు? చీరలు మడతపెట్టటం నేర్పుకో. నీ వ్యాపారానికి పనికొస్తుంది.”

 నాన్న, “అలాగేనండీ. ఇద్దరివీ టీసీలు ఇప్పించండి,” అన్నాడు. ఆ సాయంత్రం నించి మేమిద్దరం బడి మానేశాం.

ఆ రోజు డైరీలో ఒకటే వాక్యం రాశాను: ఈయనకి దాహం వెయ్యాలి, నీళ్ళు దొరకకూడదు. ఎందుకలా రాశానో తెలియదు. అద్దెకి తెచ్చుకున్న నవలలో ఎవరికో అలాంటి చావు వచ్చినట్టు చదివి ఉంటాను.

ఇంట్లోనే చదువు అంటే చుట్టుపక్కలవాళ్ళకి వింత. “ఆడపిల్లల్ని మాన్పించారంటే అర్థం ఉంది. మాన్పించి మళ్ళీ ఇంట్లో పుస్తకాలేంటి?” అని ఎదురింటి పిన్నిగారు అమ్మని అడిగింది. అమ్మ, “బడి మానేశారండీ, చదువు కాదు,” అంది. పొద్దున్నే చీరల మూటలు ఒక పక్కకి జరిపి చాప వేసేది అమ్మ. వంకాయలు తరుగుతూ డిక్టేషన్ చెప్పేది. నాన్న లెక్కలు చెప్పేవాడు. మిగతావన్నీ చెల్లికి నేను చెప్పాలి. నేను ప్రైవేటుగా మెట్రిక్ కట్టి పాసయ్యాను. ఎవరికీ కనపడకుండా, ఎవరూ పిలవకుండా, గోడకి ఆనుకుని చదువుకోవటం నా స్వభావానికి సరిపోయింది. నా ఒక్కదాని సంగతే అయితే ఆయనకి దణ్ణం పెట్టేదాన్ని.

నాన్నకి ఒక పట్టుదల ఉండేది. పలక మీద నేర్చింది పదిమందికీ పనికిరావాలనేవాడు. అందుకని ప్రతి వారంలో ఒక పూట మా చదువు ఇంట్లో జరిగేది కాదు. మగ్గం మీద పోగులు తప్పి అమ్మకానికి పనికిరాని ముక్కల్ని అమ్మ ఉతికి, మెత్తబరిచి, పసిపిల్లల్ని చుట్టే పొత్తిగుడ్డలు కుట్టేది. చెల్లి కొలిచి కత్తిరించేది, నేను అంచులు మడిచేదాన్ని, నాన్న సైకిలు వెనక కట్టుకునేవాడు. అందరం కలిసి పెద్దాసుపత్రిలో పురుడు పోసుకున్నవాళ్ళకి ఇచ్చి వచ్చేవాళ్ళం. అక్కడ చెల్లి మాట్లాడాల్సిన పని ఉండేది కాదు. గుడ్డ చేతికిస్తే బాలింతలు దాని బుగ్గ పట్టుకుని, “ఎవరమ్మా నువ్వు?” అనేవాళ్ళు. అది నావైపు చూసేది. నేను గోడవైపు చూసేదాన్ని. చివరికి అమ్మే చెప్పేది.

వేసవి వస్తే చలివేంద్రం. మా ఇంటి దగ్గర, కొండపల్లి వైపు వెళ్ళే బస్సులు ఆగేచోట ఒక గానుగ చెట్టు ఉంది. దాని నీడలో ఇసక పరిచి, తడిపి, కుండలు పెట్టేవాళ్ళం. కొత్త కుండల్ని ముందు నానబెట్టి, మట్టివాసన పోయేదాకా నీళ్ళు మార్చటం అమ్మ పని. వట్టివేళ్ళు కట్ట కట్టి వెయ్యటం నాది. మొదటి వేసవిలో నాన్న చెల్లి చేత ఒక అరచెయ్యి కుండ మీద, ఒక అరచెయ్యి ఇత్తడి బిందె మీద పెట్టించాడు.

“ఏది చల్లగా ఉంది?”

“కుండ.”

“ఎందుకని?”

“తడిగా ఉంది నాన్నా. చెమట పట్టింది.”

“అదే. మట్టికి కంటికి కనపడనన్ని చిల్లులు ఉంటాయి. నీళ్ళు అందులోంచి ఊరి, గాలికి ఆరిపోతూ లోపలి వేడి పట్టుకుపోతాయి. కుండకి చెమట పట్టినంతసేపే నీళ్ళు చల్లన.”

నాకు నవ్వొచ్చింది. ఇదే పాఠాన్ని బాష్పీభవనం అనే పేరుతో, బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి, నిర్వచనం మాచేత బట్టీ పట్టించాడు హెడ్మాస్టరు. మాకు సైన్సు ఆయనే చెప్పేవాడు. కామా కూడా పొల్లుపోకుండా అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నాను. అది కుండ గురించి అని మాత్రం అప్పటిదాకా నాకు తట్టలేదు.

చెల్లికి మాట వచ్చింది ఆ చెట్టు కిందే. మేం గ్లాసులు పెట్టినా చాలామంది ఎంగిలి అని దోసిలి పట్టేవాళ్ళు. వంగి, చేతులు నోటికి ఆనించి నిలబడితే, మేం చెంబుతో పొయ్యాలి. చాలు అనుకుంటే తల ఊపుతారు. ముందుగా పిలవాలి కదా, ఆ పిలిచే పని నాన్న చెల్లికిచ్చాడు. మొదట్లో అది పెదాలు కదిపి ఊరుకునేది. ఒకరోజు బస్సు వచ్చి ఆగింది. కొండపల్లి బొమ్మలు చేసే ముసలాయన ఒకడు ఖాళీ బుట్ట పట్టుకుని ఎండలో నిలబడి చూస్తున్నాడు. చెల్లి కళ్ళు మూసుకుని, కూరగాయలమ్మే వాళ్ళలాగా రాగం తీసింది. “మంచినీళ్ళండీ, చల్లటి నీళ్ళండీ, దోసిలి పట్టండీ.” రాగంలో పడితే మాట జారిపోయింది. ‘దో’ దగ్గర మాత్రం ఆగింది. ముసలాయన వంగి, దోసిలి పట్టుకుని, అది మాట పూర్తి చేసేదాకా అలాగే ఉన్నాడు. దాహంతో ఉన్నవాడికి నవ్వే తీరిక ఉండదు.

ఆ తర్వాత దాన్ని ఆపటం కష్టమైంది. చదువు రానివాళ్ళకి బస్సు బోర్డులు చదివి చెప్పేది. “ఇది మైలవరం బండి తాతా, నీది కాదు, కూర్చో.” థర్మల్ స్టేషన్ పనివాళ్ళు, “ఏమ్మా బోర్డుల టీచరూ, మా బండి ఎప్పుడు?” అని ఏడిపిస్తే, “మీ... మీరు నీళ్ళు తాగితే వస్తుంది,” అనేది. రెండో వేసవికల్లా ఆసుపత్రిలో కూడా తన పేరు తనే చెప్పుకుంది. నాన్న ఇంటికి వచ్చి ముందుగదిలో గోడవైపు తిరిగి కాసేపు చీరలు సర్దాడు. సర్దటానికి అక్కడ ఏమీ లేదు.

మూడో వేసవికి ఆయన వచ్చాడు.

రిటైరయ్యాడు, పేట అభివృద్ధి సంఘానికి ప్రెసిడెంటు అయ్యాడు. మరచెంబు భుజానికి తగిలించుకుని మా అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ కాఫీ ఇవ్వబోతే చెయ్యి అడ్డంపెట్టాడు.

“ఈ ఏడు చలివేంద్రం సంఘం తరఫున పెడుతున్నామయ్యా. పందిరి, మైకు, అన్నీ. ఆ చెట్టు కింద చోటుకి మునిసిపాలిటీ వాళ్ళతో మాట్లాడేశాను.”

“అక్కడ మేం పెడుతున్నామండీ,” అన్నాడు నాన్న.

“తెలుసులే. ఏదో మీ శక్తికొద్దీ చేశారు. ఇప్పుడు పద్ధతిగా చేద్దాం. బస్సుల దగ్గర స్కౌటు కుర్రాళ్ళు యూనిఫారంలో ఉంటారు. మీ పిల్లల్నీ రమ్మను, వెనకాల గ్లాసులు కడగొచ్చు.” అని చెల్లి వైపు తిరిగాడు. “ఏమ్మా ప్యాసింజరూ, బండి ఇంకా అక్కడే ఉందా, కదిలిందా?”

చెల్లి నోరు తెరిచింది. గడ్డం వణికింది. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, విననట్టు ముందుకి వంగాడు. నవ్వుతున్నాడు. ఆయనతో వచ్చిన ఇద్దరూ నవ్వారు. చెల్లి నోరు మూసుకుంది.

అంతే. రెండేళ్ళు పట్టి వచ్చిన మాట అరుగు మీద ఆ కాసేపట్లో పోయింది. ఆ రోజు నించి అది ఇంట్లో కూడా తలతోనే సమాధానం చెప్పింది. అమ్మ దిష్టి తీసింది. బోర్డులు చదవటానికి నాన్న తీసుకెళితే ఆయన చొక్కా వెనక నిలబడింది. నేను పక్కన పడుకుని, “చిన్నపిల్లల కథ చదవనా?” అంటే తల అడ్డంగా ఊపేది. నాకు నిద్రపట్టేది కాదు. నవలల్లో దుర్మార్గులు గుర్రం మీంచి పడతారు, కోట గోడ కూలి చస్తారు. భవానీపురంలో గుర్రాలూ కోటలూ లేవు.

కుండలు ఉన్నాయి. అవి ఆయనే పంపాడు.

బండి మీద పెద్ద కుండలు తెచ్చి మా అరుగు మీద దింపారు. వెనకే ఆయన, చేతిలో ఎనామిల్ రంగు డబ్బాలు. “మీ పెద్దమ్మాయి దస్తూరి బాగుంటుంది, నాకు తెలుసు. కుండకో దాత పేరు. తెల్లరంగు మీద ఎర్ర అక్షరాలు,” అన్నాడు నాన్నతో. నేను తలుపు చాటున ఉన్నాను. బయటికి వచ్చాను. బడి బయట ఆయనతో నా జన్మలో మాట్లాడింది ఆ ఒక్కసారే.

“కుండంతా రంగు వెయ్యాలా అండీ, పేరు రాసే మేరకేనా?”

“అంతా వెయ్యమ్మా. నిగనిగలాడాలి. బస్సులోంచి కనపడాలి.”

“అలాగేనండీ.”

సైన్సు మాస్టరు. నిర్వచనం బట్టీ పట్టించినవాడు. నేను ఆగాను. ఆయనకి ఏదైనా గుర్తొస్తుందేమోనని మొహంలోకి చూశాను. ఆయన మరచెంబు మూత తీసి రెండు గుక్కలు తాగి వెళ్ళిపోయాడు.

నేను ఏ పరీక్షకీ అంత శ్రద్ధగా చదవలేదు, ఆ కుండలకి రంగు వేసినంత శ్రద్ధగా. ఒక పూత వేసి, ఎండబెట్టి, వేలితో తడిమి, ఇంకో పూత వేశాను. కుండ తిరగేసి అడుక్కి కూడా వేశాను. మట్టి గాలి పీల్చే చోటు ఆవగింజంత మిగల్లేదు. అందరికంటే పెద్ద కుండ మీద ఆయన పేరు, రోడ్డు అవతల నించి చదవగలిగేట్టు, తలకట్లు గుండ్రంగా తిప్పి రాశాను. అమ్మ మజ్జిగ ఇవ్వటానికి వచ్చి నిలబడింది.

“ఎందుకే అంత దట్టంగా పూస్తున్నావు?”

నేను తలెత్తలేదు. అమ్మ కుండ మీద చెయ్యి పెట్టి చూసింది, తర్వాత నా మొహం చూసింది. లోపలికి వెళ్ళి, చేతులు తుడుచుకోవటానికి పాతగుడ్డ తెచ్చి ఇచ్చింది.

నాన్న అంత తేలిగ్గా వదల్లేదు. సాయంత్రం కుండల వరస చూసి పక్కన కూర్చున్నాడు.

“ఆయనకి చెప్పావా?”

“అడిగాను. అంతా వెయ్యమన్నారు.”

“అడగటం వేరు, చెప్పటం వేరు.”

నేను చేతి రంగు గుడ్డకి తుడుచుకున్నాను.

“ఆయన సంగతి సరే. ఆ నీళ్ళు తాగేవాళ్ళు నీకేం చేశారు?”

దానికి జవాబు నేను ముందే ఆలోచించి పెట్టుకున్నాను. “రోడ్డుకి అటుపక్క సైకిలు షాపతను చోటిస్తానన్నాడు నాన్నా, అమ్మ అడిగింది. మన పాత కుండలు అక్కడ పెడదాం. ఇటు నీళ్ళు బాగోకపోతే నేనే అటు నించి మోసుకొచ్చి పోస్తాను. ఎవరూ దాహంతో పోరు.”

“వేసవంతా?”

“వేసవంతా.”

నాన్న నన్ను చాలాసేపు చూశాడు. ఆయన ఎప్పుడూ నన్ను పిరికిదాన్ననుకునేవాడు, ఆ పూట ఆ అభిప్రాయం మార్చుకున్నట్టున్నాడు. అది ఆయనకి సంతోషంగా ఉన్నట్టు మాత్రం కనపడలేదు.

ప్రారంభోత్సవం మిట్టమధ్యాహ్నం పెట్టారు. ముఖ్య అతిథి కారులో వచ్చాడు, ఖద్దరు పంచె, చెమటలు కారుతున్నాయి. పందిరి కింద కుండలు పెళ్ళికూతుళ్ళలా మెరుస్తున్నాయి. పొద్దుటే నింపారు, ఎండ పందిరిలోంచి పడుతూనే ఉంది. హెడ్మాస్టరు మైకులో దాతల పేర్లు చదివాడు, తన పేరు చివర్న చదివాడు. వెండిగ్లాసులో నీళ్ళు ముంచి అతిథి చేతికిచ్చాడు. అతిథి పెద్ద గుక్క తీసుకుని, మింగటమా మానటమా అన్నట్టు బుగ్గలు పూరించుకుని, చివరికి మింగాడు.

“ఏం మాస్టారూ, కాచి పెట్టారా?” అన్నాడు. మైకు ఆయన పక్కనే ఉంది. రోడ్డంతా వినపడింది.

కొండపల్లి బస్సు కండక్టరు ఫుట్‌బోర్డు మీదే ఉన్నాడు. “టీ పొడి కూడా వేసెయ్యండి మాస్టారూ, దిగి తాగి వస్తాం,” అన్నాడు. బస్సు బస్సంతా నవ్వింది. కిటికీలోంచి ఒక ముసలమ్మ, “చలివేంద్రమని రాశారు, వేణ్ణీళ్ళు పోస్తున్నారేం నాయనా,” అంది. స్కౌటు కుర్రాళ్ళు కూడా నవ్వారు. వాళ్ళు ఆయన క్లాసులో నవ్వటం నేర్చుకున్నవాళ్ళే.

ఆ నవ్వు నాకు చెవుల్లోకి కాదు, కడుపులోకి వెళ్ళింది. ఎండాకాలంలో పెరుగన్నం తిన్నట్టుంది.

ఆయన వెతుక్కుంటూ మా దగ్గరికి వచ్చాడు. “ఏమ్మా, రంగులో ఏం కలిపావు?”

నేను అమ్మ వెనక్కి జరిగాను. అమ్మ చెంగు బిగించుకుని ముందుకి వచ్చింది. “ఏమీ కలపలేదండీ. కుండంతా వెయ్యమన్నారట, కుండంతా వేసింది. మా పిల్లలు చెప్పింది చెప్పినట్టు చేస్తారు. మీ బడిలో నేర్పిందే.”

అతిథి కుండ మీద చెయ్యి వేసి, “ఓహో, రంగా,” అన్నాడు. “మాస్టారూ, మీరు సైన్సు కదూ చెప్పింది?” అన్నాడు. ఆయన అడిగింది మామూలుగానే. అదే ఇంకా బాగుంది.

మర్నాటికల్లా పేటలో ఆయన పేరు వేణ్ణీళ్ళ మాస్టారు. సందు మలుపులో పిల్లలు వెనక నించి అరిచి పారిపోయేవాళ్ళు. కొత్త కుండలు కొనొచ్చు కదా అని ఎవరో అన్నారు. దాతలు ఊరుకోలేదు. ఇటిక ముక్కలతో గీకించబోతే, “నా పేరు మీద ఇటిక పెడతావా?” అని బియ్యంకొట్టాయన వచ్చి నిలబడ్డాడు. తడి గోనెపట్టాలు చుట్టిస్తే పేర్లు కనపడటం లేదని ఇంకొకాయన పట్టాలు లాగేశాడు. పేర్లు రాయించుకున్న కుండలు ఆయనకి తీసెయ్యటానికీ లేదు, పెట్టుకోవటానికీ లేదు. నేను అంత దూరం ఆలోచించలేదు. అది పైనించి వచ్చిన కొసరు.

నాన్న నా మాట నాకు గుర్తుచేశాడు. నేను రోజూ బిందె ఎత్తుకుని రోడ్డు దాటి, ఇటు బస్సుల్లో ఎక్కేవాళ్ళకి మా నీళ్ళు పోశాను. అది శిక్ష అని ఆయన అనుకున్నాడేమో. అరికాళ్ళు కాలుతుంటే, చంక తడిసిపోతుంటే, ఆయన పందిరి ముందు నించి, ఆయన పేరున్న కుండ పక్కనించి, చల్లటి నీళ్ళు మోసుకుని నడవటంలో ఉన్న సుఖం నాకు ఏ పుస్తకమూ ఇవ్వలేదు. సిగ్గుపడి తలొంచుకుని నడిచేదాన్నే, కానీ మెల్లగా నడిచేదాన్ని.

ఒక్కటే తక్కువ. చెల్లి మాట్లాడలేదు. అతిథి మొహం చూసి అందరూ నవ్విన రోజున అది నవ్వలేదు. సైకిలు షాపు ముందు నిలబడి చెంబుతో నీళ్ళు పోసేది. రాగం లేదు, పిలుపు లేదు. “టీచరమ్మ అలిగిందా?” అని థర్మల్ స్టేషన్ వాళ్ళు అడిగితే గ్లాసు ముందుకి తోసేది. నేను అనుకున్నదంతా జరిగింది, ఆయన అల్లరిపాలయ్యాడు. దాని గొంతు మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది. అందుకే నా కోపం తీరలేదు. ఇంకా పెరిగింది.

రోహిణి ఎండల్లో ఒక మధ్యాహ్నం, ఊళ్ళోకి వెళ్ళే బస్సు మా పక్క ఆగింది. దిగినవాళ్ళల్లో ఆయన ఉన్నాడు. ఎక్కడ నించి వస్తున్నాడో, చొక్కా వీపుకి అంటుకుపోయింది, పెదాలు పొట్టులేచి ఉన్నాయి. మరచెంబు మూత తీసి వంచి చూశాడు. ఒక్క చుక్క రాలలేదు. రోడ్డుకి అటుపక్క ఆయన పందిరి, ఆయన కుండలు. ఆయన అటు చూశాడు. ఇటు చూశాడు. సైకిలు షాపు దగ్గర ఉన్నవాళ్ళందరూ పంక్చర్లు మానేసి ఆయన్నే చూస్తున్నారు.

అమ్మ గ్లాసు ముంచబోయి, గుర్తొచ్చి ఆగింది. ఆయన గ్లాసుతో తాగడు. మరచెంబు పక్కన పెట్టి, మాలో ఎవరి వైపూ చూడకుండా, ముందుకి వంగి, దోసిలి నోటికి ఆనించాడు.

ఆయనకి ఎదురుగా చెంబు పట్టుకుని ఉన్నది చెల్లి.

పొయ్యలేదు. చెంబు అలాగే పట్టుకుని కళ్ళు మూసుకుంది. “మంచినీళ్ళండీ,” అంది. చాలా రోజులకి, బొంగురుగా. “చల్లటి నీళ్ళండీ.” రాగం లేదు. మామూలు మాటలాగా అంటోంది, రాగం సాయం వద్దనుకున్నట్టు. తర్వాత ‘దో’ దగ్గర ఆగింది.

గడ్డం వణికింది. ‘దో’ రాదు. ఆయన వంగే ఉన్నాడు. ఖాళీ దోసిలి నోటి దగ్గర, బట్టతల మీద ఎండ. తల ఎత్తితే నీళ్ళు లేవు, నోరు తెరిస్తే దాహం. షాపతను అడుగు ముందుకి వేస్తే నాన్న భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. ఆ మాట నేను అందించగలను, చాప మీద పాఠాలప్పుడు దానికి మాటలందించినదాన్నే. అందించలేదు. నా నడుం మీద బిందె ఉంది, దించలేదు. బండి స్టేషన్లో ఆగింది. ఎవరూ దిగి టీ తాగటానికి వెళ్ళలేదు. ఆయనా వెళ్ళలేదు.

“దో... దో... దోసిలి పట్టండీ,” అంది చెల్లి.

ఆయన పట్టిన దోసిలిని ఇంకొంచెం పైకెత్తాడు. అప్పుడు పోసింది. ఆయన తాగాడు, గుటకలు వినపడేట్టు. చాలని తల ఊపాడు. చెల్లి కళ్ళు ఇంకా తెరవలేదు, అందుకని అది చూడలేదు. నీళ్ళు దోసిలి నిండి, మోచేతుల మీంచి, చొక్కా ముందంతా తడిపి, ఆయన చెప్పుల్లోకి కారుతూ ఉన్నాయి. చాలని దానికి చెప్పాల్సింది నేను. నేను చెప్పలేదు, చెంబు ఖాళీ అయ్యేదాకా.